బ్రేక్‌డౌన్ రిపోర్టు

రేపు ఇంగ్లీషు పరీక్ష.
మంచం పట్టెకు పుస్తకం ఆనించి
"నాయినా, బ్రేక్ డౌన్ అంటే ఏంది?" అన్నది నిఖిత.
నవ్వొచ్చింది నాకు.
దేవరకొండ డిపోల ఇరవై రెండేండ్ల సంది
ఈ గ్రీజు చేతులతోని రాసేదే ఆ మాట.
పదో తరగతి తప్పినోన్ని గనీ
ఆ ఒక్క ముక్కకు నేనే పంతులును.

"బండి ఆగిపోవుడు బిడ్డా.
గేరు పడదు, పొగ గక్కుతది,
దిగినోళ్లంత డ్రైవర్‌ను తిడుతరు,
ఒక ముసలామె కోడిని సంకలవెట్టుకొని
టికెట్ పైసలు వాపసియ్యమంటది."

"అదొక్కటే గాదు," అన్నది.
"మనిషి ఆపుకోలేక ఏడ్చుడు గూడ బ్రేక్ డౌనే."

చేతిల చాయ గ్లాసు చేతిలనే ఉన్నది.

ఎండాకాలం, పగటీలి మూడు గొట్టంగ
డిండి అవుతల నుంచి పర్వతాలు ఫోన్ జేసిండు.
"అన్నా, బ్రేక్‌డౌన్."
ఏం పోయిందో చెప్పలే.
పానాల సంచి ఏసుకొని లారీ ఎక్కి పోయిన.
బానెట్ లేపితే ఆయిలున్నది, నీళ్లున్నయ్.
సెల్ఫు కొడితే ఒక్క దెబ్బకే లేసింది ఇంజను.
స్టీరింగు మీద తలవెట్టి పర్వతాలు,
ఖాకీ అంగీ లోపల వీపు ఎగిరెగిరి పడుతున్నది.
ముప్పై ఏడుమంది సర్కారు తుమ్మ నీడల గూసొని
మా దిక్కే చూస్తున్నరు.

ఏందిరా అని అడగలే.
లేపి బానెట్ పక్కన కూసోవెట్టి
అచ్చంపేట దాక నేనే తోలిన.
దారి పొడుగూత వాడు మైలురాళ్లనే చూసిండు.

రిజిస్టర్ల రాసిన: ఫ్యాన్ బెల్టు తెగింది.
లెక్కకు స్టోర్ల కెల్లి తీసిన కొత్త బెల్టు
ఇప్పటికీ మా ఇంట్ల మొలకు వేలాడుతున్నది.
చూసినప్పుడల్లా
దొంగ రాత రాస్తినని ఒక ముల్లు.
ఇయ్యాల తెలిసింది,
నేను రాసిందే అబద్ధం గనీ
ఆ కాగితం నెత్తి మీద అచ్చేసిన మాట అబద్ధం గాదు.

"ఇంకోటి గూడ ఉన్నది," పేజీ తిప్పింది పిల్ల.
"ఒకదాన్ని ముక్కలు ముక్కలు జేసి
విడమరిచి చెప్పుడు."

ఇంజను ఇప్పితే
నట్టు నట్టుకు నంబరేసి గోనెపట్ట మీద పెడ్త నేను,
ఒక్క వాషర్ తప్పిపోనియ్య.
ఆ దినం వానికొచ్చిన ఫోన్ ఎవలదో
ఇంతవరకు ఎరుక లేదు.
రిటైరై కొండమల్లేపల్లిల ఉంటున్నడంట.
నంబరు ఉన్నది నా కాడ.

"వాక్యంల పెట్టి రాయాలె నాయినా, ఒకటి చెప్పు."

"బండి మంచిగనే ఉండె,
అని షురూ జెయ్యి" అన్న.
పెన్ను పట్టుకొని నా మొకం దిక్కు చూస్తున్నది.
మిగిలింది నాకూ తెల్వదు.