సామాన్ల పుస్తకం

మా స్కౌటు దళంలో సామాన్ల లెక్క నాది.
తాళ్ళు తొమ్మిది, గుడారాలు ఆరు,
మసిబారిన గిన్నెలు పదకొండు, మూతలు మాత్రం ఏడే.
ఎవరికి ఏమిచ్చానో, ఏది తిరిగొచ్చిందో
నీలిగీతల పుస్తకంలో రాసుకుంటాను.
కొండలెక్కడం వాళ్ళ పని,
గుడారం మేకులు లెక్కపెట్టడం నా పని.

ఆ శనివారం కంపానా శిఖరం ఎక్కాలి మేం.
కంపానా అంటే గంట.
మూడు నెలలుగా నవుయెల్ ఆ పేరుని
చప్పరింపు బిళ్ళలా నోట్లో తిప్పుకుంటున్నాడు.
పైనుంచి చూస్తే ఇటు సముద్రం, అటు మంచుకొండలు
ఒక్క మెడతిప్పులో కనపడతాయట.
వాడికి పన్నెండేళ్ళు. బూట్లు వాళ్ళన్నవి,
ముందు వేళ్ళ దగ్గర కాగితాలు కుక్కుకున్నాడు.

గురువారం రాత్రి దక్షిణపు గాలి లేచింది.
వల్పరాయిసోలో గాలికీ నిప్పుకీ పాత స్నేహం.
యూకలిప్టస్ లోయలో పుట్టిన మంట
రేకుల ఇళ్ళ మీదుగా
మెట్లు దిగినంత తీరిగ్గా దిగింది.
తెల్లారేసరికి మా ఊరి కొండల్లో ఒకటి
పళ్ళు రాలిన చిగురు.

మా నాయకుడు ఎలియెసెర్ పగలు ట్రాలీబస్సు నడుపుతాడు.
ఉపన్యాసాలు చేతకావు.
"బూట్లు అవే, తాళ్ళు అవే. కొండ మారింది" అన్నాడు.
నవుయెల్ నేలని తన్నాడు. ఒక్కసారే.
నేను గుడారాలు కొట్టేసి
పారలు అని రాశాను. పద్నాలుగు. అందులో అరువువి ఆరు.

మూడువందల పన్నెండు మెట్లు.
బండి ఎక్కదు, గాడిదైనా ఆలోచిస్తుంది.
నాలుగు మెట్లకొకరం నిలబడ్డాం.
మేం చాలని చోట
చేపల బజారు ఆడవాళ్ళు, నర్సింగు చదివే పిల్లలు,
పేరు చెప్పని తాగుబోతొకడు.
బకెట్టు చేతులు మారుతూ దిగుతుంది:
బూడిద, పెంకులు, మెలితిరిగిన రేకు.
ఖాళీది ఎక్కుతుంది, ఒక్కోసారి అందులో రొట్టె.
పొద్దున పాటలు పాడారు పిల్లలు.
పదింటికి మానేశారు.
ఇన్నేళ్ళు నేర్పిన వాటిలో ఆ రోజు అక్కరకొచ్చింది
దిక్సూచీ కాదు, నక్షత్రాలూ కాదు,
దాహం వెయ్యకముందే నీళ్ళు తాగాలన్న మాట.

నూట తొంభయ్యో మెట్టు దగ్గర దోన్యా ఒర్తెన్సియా ఇల్లు.
ఇల్లు కాదు, ఇంటి కొలత.
ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఆమె
"అటు కాదు బాబూ, అది పడకగది,
తలుపులోంచి రా" అంది.
తలుపు లేదు.
నవుయెల్ వెనక్కి వెళ్ళి, చుట్టూ తిరిగి,
లేని తలుపులోంచి వచ్చాడు.
గుమ్మం ఉండాల్సిన చోట బూట్లు దులుపుకున్నాడు కూడా.

ఆ తర్వాత వాణ్ణి ఎవరూ పిలవనక్కరలేకపోయింది.
పిండి జల్లెడతో బూడిద జల్లించాడు.
సగం కత్తెర, కెటిల్ మూత, కుట్టుపని వేలితొడుగు.
ఆమె తొడుగు పెట్టుకుని చూసుకుంది.
"సరిపోయింది" అంది, కొత్తది కొన్నట్టు.
మూత నా చేతిలో పెట్టింది.
"కెటిలే లేదు. నువ్వుంచుకో అమ్మాయ్."

మెట్ల పక్క చేతికర్ర కాలిపోయింది, ఆమె దిగేదెలా అని
మిగిలిన రెండు ఇనపస్తంభాలకి తాడు కట్టాడు వాడు.
పడవ ముడి, దాని మీద రెండు అరముళ్ళు.
శిబిరంలో అదే ముడి నాలుగుసార్లు ఊడిపోయింది, నేను చూశాను.
ఎలియెసెర్ తన బరువంతా వేసి వేలాడాడు.
ఏమీ అనలేదు.

రాత్రి బడి వ్యాయామశాలలో, సిమెంటు నేల మీద,
అందరి ముక్కులూ నల్లగా కారుతుంటే
దీపం కింద లెక్క చూసుకున్నాను.
పారలు సరే. బకెట్లు రెండు పగిలాయి.
మూతలు ఎనిమిది.
తాళ్ళు కూడా ఎనిమిదే.
"పోయినవి" గడిలో రాయబోయి ఆగాను.
"అరువిచ్చినవి" గడిలో రాస్తే
తిరిగొచ్చే తేదీ వెయ్యాలి.
ఖాళీగా వదిలేశాను.

కంపానా ఏప్రిల్లో ఎక్కాం.
సముద్రం ఉంది, మంచుకొండలున్నాయి,
మెడ తిప్పితే చాలు.
నవుయెల్ మంచు వైపు తిరగనేలేదు.
పొగమంచు అంచున వేలు పెట్టి
మా ఊరి కొండలు లెక్కపెడుతున్నాడు.
"తాడున్నది ఏదీ?"
ఇంత దూరం నుంచి కనపడదురా, అన్నాను.
"తెలుసు" అన్నాడు,
లెక్కపెడుతూనే.