పదికి ఎన్ని

"పదికి ఎన్నమ్మా?" అంది సిస్టర్ జెసింత,
వచ్చీరాని తెలుగులో.
నవ్వొచ్చింది. నవ్వితే భుజం లాగింది.
ఇరవై రెండేళ్లుగా కోయంబేడులో
అందరూ నన్నడిగే మాట అదే,
నిమ్మకాయల కోసం.

"ఆరు" అన్నాను.
బేరమాడలేదు. రాసుకుంది.

బస్తాలెత్తి తెగిన భుజం, కుట్టించుకోవాలి.
మత్తు డాక్టరు కయల్విళి ముందే చెప్పింది:
"సున్నా చేస్తానని మాటివ్వను.
నిద్ర పట్టేంత, గ్లాసు పట్టేంత,
అంతవరకు దించుతాను."
సరుకు ఎలా ఉందో అలా చెప్పే మనిషిని
నేను నమ్ముతాను.

మెడ పక్కన సన్నటి సూది.
చెయ్యి నాది కాకుండా పోయింది,
ఎవరో నా ఒళ్లో మరిచిపోయిన సొరకాయలా.
ఆరు గంటలకోసారి తెల్లబిళ్ల,
నొప్పి ఉన్నా లేకున్నా, వడ్డీ కట్టినట్టు.
భుజం మీద ఐసు సంచి.
"వలి ఇరుక్కా?" అంటుంది ఆయా.
అరవంలో వలి అంటే నొప్పి.
మా అమ్మమ్మ చలిగాలిని వలిగాలి అనేది.
వలి మీద వలి పెట్టి చల్లార్చుతున్నారు.

రెండో రాత్రి మూడింటికి,
గూడూరు లారీ వచ్చే వేళకి
మొద్దుబారిన నరం మేలుకుంది.
బస్తా మీద బస్తా, బస్తా మీద బస్తా,
లోడంతా భుజంలోనే దించారు.
"తొమ్మిది" అన్నాను.
పది అనడానికి సిగ్గేసింది.

పక్క మంచం చెంగమ్మ అంది:
"మార్ఫిన్ అడుగు. మా ఆయనకదే ఇచ్చారు, హాయిగా నిద్రపోయాడు.
ఆనక అది లేకుండా నిద్రే లేదు."
రెండు ముక్కలూ ఒకే గొంతుతో.

బీరువా తాళంచెవి జెసింత నడుముకుంది.
"కావాలంటే ఇస్తా. దాచలేదు."
ముందు దిండు సర్దింది, ఐసు మార్చింది,
ఊపిరి లెక్కపెట్టించింది.
ఆమెకి తెలుగు అంకెలు నాలుగు దాటవు.
ఒకటి రెండు మూడు నాలుగు. మళ్లీ ఒకటి.
కాసేపటికి ఏడు.
అప్పుడు సగం బిళ్ల. మింగాను.
వీరనారినేం కాను,
నిమ్మకాయలమ్ముకునేదాన్ని.

పొద్దున వేళ్లు ఆడించమని స్పాంజి బంతిచ్చారు.
మా పెంచలయ్య జేబులోంచి
పచ్చి నిమ్మకాయ తీశాడు.
నొక్కాను. వాసన ముందొచ్చింది,
నొప్పి తర్వాతొచ్చింది.

ఇంటికి నాలుగు గట్టి బిళ్లలిచ్చారు.
రెండు మిగిలితే, కుట్లు విప్పిన రోజు
తిరిగి అప్పజెప్పాను.
మందుల కౌంటరు కుర్రాడు
అటూ ఇటూ తిప్పి చూశాడు, నకిలీ నోటులా.

ఇవాళ మళ్లీ గోనెపట్టా మీద కూర్చున్నా.
ఎవరో వంగి,
"పదికి ఎన్నక్కా?"

"మూడు" అన్నాను,
ఆలోచించకుండానే.

నాలుగు చెయ్యమంటున్నాడు.