జానెడు నీళ్లు

అర్జీలో చివరి గడి: ఎందుకు కావాలి?
ఐదొందల అక్షరాలు దాటకూడదట.
మాకున్న హద్దు రెండొందల యాభై ఆరు కోర్లు,
తొమ్మిదొందలు అడుగుతున్నాను.
ఎల్లుండి పదకొండింటికి ఇంటర్ ఫలితాలు.

దీనికి మబ్బు అని ఎవరు పేరు పెట్టారో గానీ
నిజాంపేటలో ఒక్క మే నెల గడిపినవాడైతే కాదు.
ఇదీ ఒక షెడ్డే.
ఔటర్ దాటాక, కిటికీల్లేని గోడల వెనక
ఏసీలు రొప్పుతూ ఉంటాయి.
అందులో ఎవరి వంతు ఎంతో
రేషన్ కార్డు మీద రాసినట్టు
ముందే రాసి ఉంటుంది.

రాయదుర్గం, పన్నెండో అంతస్తు.
సుధాంశు లెక్క కడుతున్నాడు:
ఇన్ని లక్షల పిల్లలు, తలకి మూడు క్లిక్కులు,
మెషీనుకి ఇన్ని, నిమిషానికి ఇన్ని.
మూడెందుకు, అన్నాను.
సగటు, అన్నాడు.

సగటు పిల్లని నేనెప్పుడూ చూడలేదు.
మార్కులొచ్చినవాడు ఒక్కసారి చూస్తాడు,
ఫోటో తీసి మేనమామలకి పంపుతాడు, అంతే.
పేజీని వదలనిది తప్పినవాళ్లు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్ల కింద నెట్ సెంటరు,
ప్రింటుకి ఐదు రూపాయలు.
ఫిజిక్స్ పక్కనున్న ఆ ఒక్క అక్షరాన్ని
పదకొండుసార్లు రప్పించాను,
పన్నెండోసారికి సిగ్గుపడి మారుతుందేమోనని.
వెనక వరసలో ఎవరో "జల్దీ" అంటున్నారు.
సెంటరాయన తెర వైపు చూడకుండానే
"ఇంకోపాలి చూస్కో బిడ్డా, సర్వర్ గల్తీ కావచ్చు" అన్నాడు.
పైసలు తీసుకోలేదు.

ఇదంతా ఆ గడిలో పట్టదు.
"గత ఏడాది గరిష్ఠ రద్దీ దృష్ట్యా" అని రాశాను.
మూడుని ఐదు చేశాను, సుధాంశు చూడనప్పుడు.

నాలుగొందలిచ్చారు.

ఆ రాత్రి ఇంటికొస్తే
సంపు మూత తీసి కర్రతో లోతు చూస్తున్నాడు
వాచ్‌మన్ బాలకిష్టయ్య.
నలభై ఫ్లాట్లు, ఒక్క ట్యాంకరు.
"ఎట్లా సరిపెడతావు?"
"సరిపోవుడేంది మేడమ్, అందరూ ఆరింటికే తిప్పుతరు నల్లా.
సీ బ్లాకుకు ఆరింటికి ఇడుస్త, ఏ బ్లాకుకు ఏడింటికి.
అందరికొస్తయ్. ఒక్కపాలి రావు, గంతే."
కర్ర మీద తడి ఆనవాలు చూపించాడు.
"ఇంకిన్ని ఉన్నయ్ గానీ ఇడువ.
అడుగున జానెడు ఉంచాలె.
లేకుంటే మోటరు కాలిపోతది."

మర్నాడంతా అదే పని.
గుమ్మంలో ఒక అరుగు కట్టాం,
వచ్చినవాళ్లు కాసేపు కూర్చునే పేజీ,
ఇరవై సెకన్లకొక గుంపుని లోపలికి వదిలేలా.

పదకొండు.
తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది.
మూడొందలు. మూడొందల యాభై.
సుధాంశు గోళ్లు కొరకడం మానేసి
టీ కప్పు అంచు కొరకడం మొదలుపెట్టాడు.
పదకొండూ ఏడుకి మూడొందల ఎనభై ఎనిమిది.
అక్కడ కాసేపు నిలబడి
ఎవరో పిలిచినట్టు
వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం ఫైనాన్స్ నుంచి మెయిలు:
పని లేని మెషీన్లు ఆపండి, డాలర్లు కాలుతున్నాయి.
న్యాయమే.
ఒక్కొక్కటీ ఆపుతూ కూర్చున్నాను.
రెండొందలు, అరవై, పన్నెండు.
రాత్రి ఒంటిగంటకి రాయదుర్గం దీపాలు పల్చబడ్డాక
లాగులో ఒకే హాల్ టికెట్ నంబరు.
నలభయ్యోసారి.
నాలుగు నిమిషాలాగి
నలభై ఒకటి.

రూలు ప్రకారం కనీసం సున్నా.
సున్నా తుడిచి ఒకటి వేశాను.
కారణం రాయమంది గడి.

పొద్దున వచ్చేసరికి
కింద మేనేజర్ వ్యాఖ్య ఒకటి ఉంది:
"ఏ మోటరు?"