నూటపదిహేడు

తెల్లారక ముందే ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర
నా స్కూటీ ఆగుతుంది.
ముందు ఐసు పెట్టె, వెనక ఖాళీ సీసాలు.
"సీసాల పిల్లొచ్చిందే" అంటారు
ముచ్చికలు తీసే ఆడవాళ్లు, ముక్కుకు చెంగు కట్టుకుంటూ.
మొదటి రోజు మూత్రం అన్నాను, ఎవరికీ వినపడలేదు.
శాంపిల్ అన్నాను, సబ్బు శాంపిలా అని నవ్వారు.
మూడో రోజు సైదాబీ గట్టిగా చెప్పింది:
"ఒంటికెళ్లి పట్టుకు రమ్మంటుందే, సిగ్గుపడేదేముంది,
మనమేమన్నా అత్తరు పోస్తామా!"
ఆ నవ్వులోంచే తుమ్ములు,
ఆ తుముల మధ్యే నాకు యాభై మూడు సీసాలు.

వాటి రంగులు చెప్తాను.
గడ్డి రంగు ఒకటి. నిమ్మచెక్క నీళ్లు రెండు మూడు.
మిగతావన్నీ, ఈ ఎండల్లో, గంట మరిగిన డికాషన్.
కాఫీ ఇక తాగలేనని మా అమ్మతో అంటే
ఏం ఉద్యోగమే నీది, అంది.

నిండుకుండ తొణకదంటారు.
ఇది సగం ఖాళీ అయినా తొణకని కుండ.
ఒకటి మూలపడితే రెండోది దాని వంతు మోస్తుంది,
యార్డులో హమాలీ తోటివాడి టిక్కీ కూడా ఎత్తినట్టు,
ఎవరికీ చెప్పకుండా.
నెత్తుట్లో క్రియాటినిన్ పెరిగి కబురు చెప్పేసరికి
ఇల్లు కాలుతుంటుంది, మనం పలుగు వెతుకుతుంటాం.
అంతకు ఎంతో ముందే
లోపలి గొట్టాల గోడ తొలిసారి గీసుకుపోయిన రోజే
ఒక చిన్న ప్రొటీను జారి నీళ్లలో పడుతుందని
మా డాక్టరు గారి అనుమానం.
దాన్ని పట్టుకోవడమే నా పని:
లారీ లోడు మిరపలో
తనంతట తాను రాలిన ఒక్క గింజ.

మూత్రపిండం.
ఎవరు పెట్టారో ఈ పేరు.
కడుపులో పడ్డదీ పిండమే, కాకికి పెట్టేదీ పిండమే,
మధ్యలో బతుకంతా కాపలా కాసేదీ.

నిన్న ప్లేటు తీశాను.
తొంభై ఆరు గుంటలు. ముందు నీలం,
ఆమ్లం చుక్క పడ్డాక పసుపు.
ఐదో వరుస మూడో గుంట ముదిరిపోయింది.
కోడు నూటపదిహేడు.
పేర్లు నాకు తెలియకూడదు, సీల్డు కవర్లో ఉంటాయి.
కానీ ఆ సీసా మూత వంకర.
మిరప మంటకు వేళ్లు పట్టుదప్పిన ఎస్తేరమ్మది.

"క్రియాటినిన్ ఎంత?" అడిగారు డాక్టరు గారు.
"పాయింట్ ఎనిమిది."
"అంటే ఇవాళ్టికి ఆమెకేం లేదు. మన రంగు ఇంకా పరీక్ష కాదమ్మా, ప్రశ్న.
ప్రశ్నను తీసుకెళ్లి మనిషి నెత్తిన పెట్టకు.
ఇంకోసారి పట్టుకురా."
ఆయన మాట నిజం.
నిజం పక్కన పడుకున్నాను, నిద్ర రాలేదు.
గుంటూరంతా రోహిణి కార్తెలో కాగుతుంటే
మైనస్ ఎనభైలో నూటపదిహేడు గడ్డకట్టి ఉంది.

ఈ పొద్దున సీసా చాపితే
"మళ్లీ నాదేనా? అంత బాగుందా?"
నేనూ నవ్వాను. అది నవ్వు కాదు.
"నీళ్లు తాగుతున్నావా అక్కా?"
"తాగితే పోవాలిగా. పోవాలంటే తాళం తీయాలిగా.
చెవి మేస్త్రి జేబులో, మేస్త్రి టీకొట్లో.
ఇంట్లో ఒక గ్లాసు, మళ్లీ దీపాలు పెట్టాకే."
ఇరవై ఏళ్లుగా అంట.

మా ఫారంలో పదకొండు ప్రశ్నలున్నాయి.
షుగరు, బీపీ, నొప్పి మాత్రలు,
ఇంట్లో ఎవరికైనా డయాలిసిస్.
తాళం లేదు.

టీకొట్టు దాకా నడిచాను.
మేస్త్రి నా గ్లవ్సును, మెడలో కార్డును చూశాడు.
"పరీక్ష కోసం" అన్నాను. అబద్ధమే,
సగం.
టీ గ్లాసు పక్కన పెట్టినందుకు తాళంచెవి తడిగా ఉంది.

మార్జిన్లో పెన్సిలుతో పన్నెండో ప్రశ్న రాసి
తలెత్తేసరికి
ఎస్తేరమ్మ నా మంచినీళ్ల బాటిలు ఎత్తి,
మూతికి తగలకుండా, పై నుంచి,
గటగటా తాగుతోంది.
సగంలో ఆగి నా వైపు చూసింది,
మొత్తం తాగొచ్చా అన్నట్టు.