క్నెడ్లిక్ భోజనం

శనివారం శనివారం ట్రాం దిగి
ద్రహొమీరా కొట్లో ఇరవై కీచురాళ్ళు కొంటాను.
"చిన్నవే ఇవ్వు, కుంటివుంటే మరీ మంచిది" అంటాను.
ఆమె నవ్వదు. ఆ కొట్టుకొచ్చేవాళ్ళు
ఇంతకన్నా వింతవే అడుగుతారు.

డబ్బా కోటు లోపల పెట్టుకుంటాను.
ఒస్త్రవాలో జనవరి. చేత్తో పట్టుకెళ్తే
ఇంటికి చేరేసరికి బిగుసుకుపోతాయి.
ట్రాంలో నా గుండె దగ్గర ఏదో కీచుమంటుంటే
పక్క సీటు పెద్దావిడ
తన చెవి మిషన్ సర్దుకుంది.

ఇంట్లో క్నెడ్లిక్.
ఆవిరి మీద ఉడికిన పిండిముద్దకి మా దగ్గర అదే పేరు,
గాజుపెట్టె మూల నక్కిన ఈ పచ్చటి కప్పకీ అదే.
కింది అంతస్తు కుర్రాడు వొయ్‌తా పెట్టాడు.
వాడికి పదమూడు నిండాయి, గిటారు వచ్చింది,
కప్ప పై అంతస్తుకి వచ్చింది.

దాని కుడి కంట్లో పువ్వు పడింది.
ఒంటి కంటికి దూరం అందదు కదా.
కీచురాయి ఇక్కడుంటే నాలుక అక్కడ.
గాజు మీద ఓసారి, నాచు మీద ఓసారి,
ఓసారి తన కాలి మీదే.
నోటినిండా కొబ్బరిపొట్టు.
ముందుకాలితో మూతి తుడుచుకుని
ఏమీ జరగనట్టు కూర్చుంటుంది.
ఆ కూర్చోవడం నాకు తెలుసు.

కీచురాళ్ళని ఫ్రిజ్‌లో, వెన్న పక్కన, పది నిమిషాలు పెట్టి చూశాను.
మత్తుగా నడిచాయి. అయినా దొరకలేదు.
వెనక కాళ్ళు తుంచి వదిలాను.
రెండుసార్లు చేశానా పని. మూడోసారి చేతులు రాలేదు.
ఓ రాత్రి చూస్తే
మిగిలినవి దాని వీపెక్కి తిరుగుతున్నాయి,
తినాల్సినవి, తినాల్సిన దాని మీద.
లైటు వేసి ఒక్కొక్కటే ఏరాను.

అక్టోబరులో యాభై రెండు గ్రాములు.
ఇప్పుడు ముప్ఫై ఎనిమిది.
పిండి తూచే త్రాసే, అబద్ధం చెప్పదు.

చచ్చిన పురుగు పెడితే చూడదు.
అలిగి కాదు, కనిపించదు.
కదలనిది దాని లోకంలో లేదు.
నిండు పళ్ళెం ముక్కు కింద పెట్టుకుని
పస్తుండగలదు.

ఇరవై ఏడేళ్ళు కట్టుడుపళ్ళు చేశాను.
మైనంలో పన్ను నిలబెట్టడం నా పని.
వెంట్రుకవాసి తేడా వస్తే ఎవరో ముసలాయన
ఆదివారం మాంసం నమల్లేడు.
నిరుడు వేసవిలో కుడిచెయ్యి మొదలుపెట్టింది.
ముందు చెంచాలో, తర్వాత సంతకంలో,
తర్వాత ఒకరి కింది పలువరసలో.
డాక్టర్ హింకోవా కాయితం మీద సుడి గీయమంది.
గీశాను. అది చూసి
ఆమె తన పెన్ను మూత పెట్టేసింది.
అప్పట్నుంచి ఆ చేతి కాపురం కోటు జేబులోనే.

నిన్న పనిముట్ల పెట్టె తెరిచి పాత పటకారు తీశాను.
మూతికి గుచ్చుకోకుండా
కొనలకి రబ్బరు గొట్టం తొడిగాను.
చచ్చిన కీచురాయిని పట్టి
బాగున్న కంటి ముందుకి తెచ్చాను.
ఎడంచేత్తో మణికట్టు బిగించాను, అలవాటు కొద్దీ.
కప్ప చూడలేదు.
చెయ్యి గుంజింది.
సరే పోనీ అని వదిలేశాను.

వణికింది.
మీసాలు ఆడాయి, కాళ్ళు ఆడాయి,
చచ్చింది కాస్తా ఎక్కడికో పనుండి బయల్దేరినట్టుంది.
క్నెడ్లిక్ తల తిప్పింది.
వెనక కాలి వేలొకటి లేచి, ఆగి, మళ్ళీ లేచింది.
ఆ తర్వాత తడి చప్పుడు,
రబ్బరుతో సహా పటకారు దాని నోట్లో.

కప్ప మింగాలంటే కళ్ళు మూయాలట.
గుడ్లు లోపలికి దిగి తిండిని గొంతులోకి నెడతాయట,
వొయ్‌తా చెప్పాడు.
రెండూ మూసింది.
పువ్వు పడినది కూడా
పనిలోకి దిగింది.

ఎదురింటి కిటికీలోంచి ఎవరైనా చూస్తే
ఈ పెద్దమనిషి గాజుపెట్టెలోకి
ఎవరికి చెయ్యి ఊపుతున్నాడో అనుకుని ఉంటారు.

ఐదు తిన్నది. ఆరోదానికి వీపు తిప్పేసింది.
చెయ్యి మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.
దానికేం తెలుసు,
భోజనాలయ్యాయని.