పదిహేడో వరస

సాల్మియాలో మా బాబా
పడితే తెల్లారుజామునే పడేవాడు.
ముసలితనం అనేవాళ్ళు ఇంట్లో.
డాక్టర్లు మందు మార్చేవాళ్ళు.

ప్రొఫెసర్ మార్తమ్మ మందు మార్చలేదు.
వంటింట్లో నా పక్కన కూచోని
"ఎన్ని గంటలకు? ఏ కాలు ముందు పెడతాడు?
చెప్పు రసూల్‌బీ" అనింది.
రాయచోటి దాటినాక
నన్ను ఒకరు అడగడం అదే మొదలు.

చెప్పినా.
బాంగు వినపడంగానే లేస్తాడు,
వజూకి పోతాడు. తడి బండ, చీకటి.
చిమ్మేటప్పుడు చెప్పులు మంచం కిందికి
నేనే తోసింటా.

ఆయమ్మ అదీ రాసుకునింది. తిట్టలేదు.

ఒక చిన్న దీపం, ఒక కుర్చీ, గరుకు పట్టా.
మళ్ళా లెక్క. ఇల్లిల్లూ తిరిగి
పంతొమ్మిదేండ్లు అదే లెక్క.
"అనుకోడం వేరు, తేలడం వేరు" అనేది
మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కుతా.

అచ్చయినాక పుస్తకం తెచ్చి చూపించింది.
రెండునూర్ల పన్నెండు మంది, పేర్లు లేవు.
మా బాబా ఏడీ అంటే
వేలు పెట్టింది, పదిహేడో వరస మీద.

బాబా నిద్రలోనే పోయినాడు,
నాలుగేండ్లాయె.
ఆ వరస చివర ఇంకా ఉంది
ఆ పుస్తకంలో నాకు చదవను వచ్చే ఒకే ముక్క:
సున్నా.