వెనాన్సియో వెడల్పు

కెయోన్ రేవులో వాన ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు.
నా బ్యాటరీల కొట్టు వెనకగదిలో, కట్టెల పొయ్యి పక్కన,
ఒక పాత లాప్‌టాప్, అగ్గిపెట్టెంత రిసీవర్,
రేకుల కప్పు మీంచి పక్కింటి పొగగొట్టం దాకా సాగిన తీగ.

మొదట్లో అన్నిటికీ ఒకే మోడ్ పెట్టేదాన్ని,
ఎఫ్ఎం, వెడల్పుది. పాటలు అందులోనేగా వచ్చేది!
దాంతో సముద్రం మీద పడవల్ని వెతికితే ఏముంటుంది,
పెనం మీద నీళ్లు చిలకరించిన చప్పుడు.
ఏఎంకి మారిస్తే ఎవరో గొంతులో గులకరాళ్లు.
దిగువ సైడ్‌బ్యాండ్ నొక్కితే
పీతల పడవ నడిపే మా బావ మార్సియాల్
బాతులా బెకబెకలాడాడు.
పగలబడి నవ్వాను.
ఎగువ సైడ్‌బ్యాండ్ నొక్కాను,
అదే అంకె మీద, అదే ఊపిరిలో
మనిషి దొరికాడు:
"ఇంజను ఆగిపోయింది, గాలి రాళ్లవైపు తోస్తోంది."

ఆ రాత్రి ఇంకో పడవ వెళ్లి లాక్కొచ్చింది.
నేను నవ్విన సంగతి ఇప్పటికీ అతనికి చెప్పలేదు.

గురువారాల్లో దోన్ హెరిబెర్తో నావెల్‌కిన్ వస్తాడు,
తడిసిన ఉన్నిటోపీ పొయ్యి మీద ఆరేసి
బంగాళదుంప రొట్టె ఒకటి సంచిలోంచి తీస్తాడు.
తీర రేడియో కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు
మోర్స్ తాగిన చెవులు.
ఇప్పుడు ఏడువందల హెర్ట్జ్ దాటితే ఆయనకి అంతా మసక.
కెటిల్ ఈల పోయింది. పిచ్చుకలు పోయాయి.
భార్య విసుక్కోవడంలో సగం పోయిందట,
అదొక్కటే లాభమంటాడు.

సెట్టింగుల్లో అడుగున ఒక చిన్న గడి ఉంది,
మోర్స్ ఏ శ్రుతిలో వినపడాలో అడిగేది.
ఎనిమిదివందలు ఉన్నదాన్ని
నాలుగువందల ఇరవైకి దించాను.
ఆయన ఏమీ అనలేదు.
బల్లకింద మడమ మాత్రం కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆటోమేటిక్ గెయిన్ నెమ్మదిలో ఉంచమన్నాడు,
వేగంగా ఉంటే
చుక్కకీ గీతకీ మధ్య వాన లేచి కూర్చుంటోంది.
స్క్వెల్చ్ తీసెయ్యమన్నాడు:
"నిశ్శబ్దమే కావాలంటే, పిల్లా,
కొండమీద శ్మశానం ఉందిగా."

ఏడింటికి వెనాన్సియో వస్తాడు,
ప్వెర్తో సిస్నెస్ నుంచి, ఫియర్డ్ అవతలి చీకట్లోంచి.
వాల్వుల ట్రాన్స్‌మిటర్, తనే చేసుకున్నది.
వేడెక్కేకొద్దీ అది పక్కకి జరుగుతుంది,
తెరమీది జలపాతంలో అతని గీత
గోడకి చేరగిలబడ్డ నిచ్చెనలా వాలుతుంది.

నేను తెలివి చూపించబోయాను.
ఫిల్టర్ నూరు హెర్ట్జ్‌కి బిగించాను:
వాన పోయింది, పిడుగులు పోయాయి,
గాజుగ్లాసు మీటినట్టు ఒంటరి నాదం.
దోన్ హెరిబెర్తో కళ్లు మూసుకున్నాడు.
నాలుగో మాట మధ్యలో వెనాన్సియో లేడు.

చనిపోయాడేమో అన్నట్టు నావైపు చూశాడు.
లేదు, జారాడు. రెండు వేళ్ల దూరంలో
తెరమీద వెలుగుతూనే ఉన్నాడు,
మా సన్నజల్లెడ బయట,
మేం వింటున్నామనుకుని మాట్లాడుతూ.

ఐదువందలకి తెరిచాను.
వానొచ్చింది. ఎక్కడో ఉరుము.
అర్జెంటీనా వైపు పోటీలో ఉన్న కుర్రాడెవడో
తొందర తొందరగా నెంబర్లు విసురుతూ దూరాడు.
"వాణ్నీ ఉండనీ" అన్నాడు ముసలాయన,
"పెళ్లింట్లో పిల్లల గోల."

వెనాన్సియో చెప్పిందేం లేదు.
పందిని కోశాం. బ్యాటరీ పన్నెండు పాయింట్ ఒకటి.
మోకాలు. మళ్లీ బ్యాటరీ.
దోన్ హెరిబెర్తో బల్లమీద వేలితో
జవాబు కొట్టాడు, అతనికి చేరదని తెలిసీ.
ఇక్కడ నా దగ్గర వినడానికే ఉంది, పంపడానికి లేదు.

మూసేముందు ప్రోగ్రాం అడిగింది:
ఈ అమరిక దాచమంటావా, ఏ పేరుతో?
అతని పేరే కొట్టాను,
వచ్చే గురువారానికి ఆ గీత
ఇంకెంత దూరం వాలుతుందో తెలియకుండా.